సంశ్లేషిత చమురు: డబ్బాపై మాట, ఇంజనులోని పని

రోడ్డుతో నిమిత్తం లేకుండా ఇసుకలోను, బురదలోను, కొండవాలు మీదను నడిచే చిన్న బండిని 'ఏటీవీ' అంటారు. 1970లో హోండా సంస్థ లావుపాటి బుడగ టైర్లతో మూడు చక్రాల బండిని అమెరికాలో అమ్మకానికి పెట్టింది. 1982లో సుజుకి సంస్థ నాలుగు చక్రాల బండిని తెచ్చింది. మన దేశంలో ఇటువంటి బండిని కొనేవారు కొద్దిమందే. కాని దానిని స్వయంగా తయారుచేసే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘమైన ఎస్‌ఏఈ ఇండియా 2007 నుండి జరుపుతున్న 'బాహా' పోటీకి ఇంజనీరింగు కళాశాలల జట్లు తామే చట్రం కట్టి, చక్రాలు బిగించి బండ్లను తీసుకొనిపోతాయి. పెట్రోలు విభాగంలో ఇంజను అందరికీ ఒకటే రకం. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి 10 అశ్వసామర్థ్యపు గాలి చల్లదనపు ఇంజను చాలా ఏండ్లు అందులో వాడుకలో ఉన్నది. చివరి పరీక్ష నాలుగు గంటల ఓర్పు పరుగు. 

ఇటువంటి బండి ఒకటి విశాఖపట్నంలో, ఋషికొండ ఇసుకలో, మే నెల మధ్యాహ్నం నడుస్తున్నదని అనుకొందాం. దానిలో ఏ చమురు పోయవలెను? దుకాణంలో రెండు డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మామూలు ఖనిజ చమురు. రెండవది దానికి రెండు మూడు రెట్ల ధర పలికే 'సింథెటిక్' చమురు, అనగా సంశ్లేషిత చమురు. రెండవదే మేలైనదని ప్రకటనలు చెబుతాయి, దుకాణదారు చెబుతాడు, తోటి విద్యార్థులూ చెబుతారు. ఏ గుణంలో మేలు, ఏ పనికి మేలు అని అడిగితే మాత్రం సమాధానం అంత తేలికగా రాదు. ఈ లోపం అడిగేవారిది కాదు. 'సంశ్లేషిత' అనే మాటనే తూకం వేసి చూడవలసి ఉన్నది.

ముందుగా చమురు చేసే పని ఏమిటో చూడవలెను. ఘర్షణను తగ్గించడమే కందెన పని అని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకొంటాయి. అది నిజమే గాని సగమే. మిగిలిన సగాన్ని బయటపెట్టినవాడు బోషాంప్ టవర్ అనే ఆంగ్ల ఇంజనీరు. 1883 ప్రాంతంలో అతడు రైలుబండి ఇరుసు బేరింగును పరీక్షిస్తూ, చమురు పోయడానికి దాని నడినెత్తిన ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆ రంధ్రం గుండా చమురు లోపలికి పోవడానికి మారుగా పైకి ఉబికి వచ్చింది. బిరడా బిగిస్తే బిరడానే నెట్టివేసింది. పీడన మాపకం అమర్చి చూస్తే అది చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటింది. తిరిగే ఇరుసు తనంతట తానే చమురును ఇరుకు సందులోనికి లాగుకొని, ఆ చమురు పొర మీద తేలుతున్నదని దీని అర్థం. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సమీకరణం వ్రాశాడు. లోహం లోహాన్ని తాకకుండా మధ్య నిలిచే ఈ పొర మందం కొద్ది మైక్రానులే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ కొలతను గుర్తుంచుకోవలెను. ఇసుకను గురించి చెప్పేటప్పుడు మరల దీనితో పని పడుతుంది.

ఆ పొరను నిలిపేది చమురు 'స్నిగ్ధత', అంటే పారడానికి అది చూపే అడ్డు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోకు. ఎస్‌ఏఈ 30 తరగతి చమురు 40 డిగ్రీల వద్ద సుమారు 100 సెంటీస్టోకులు ఉండి, 100 డిగ్రీలకు వేడెక్కేసరికి సుమారు 11కు దిగిపోతుంది. అరవై డిగ్రీల తేడాలో తొమ్మిది వంతుల చిక్కదనం పోయిందన్నమాట. అన్ని చమురులూ ఒకే తీరున పలచబడవు. ఈ తేడాను కొలవడానికి 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు 'స్నిగ్ధతా సూచిక'ను ఏర్పరచారు. అంతవరకు తెలిసిన వాటిలో తక్కువగా పలచబడే పెన్సిల్వేనియా చమురుకు 100 అనీ, ఎక్కువగా పలచబడే మెక్సికో సింధుశాఖ తీరపు చమురుకు 0 అనీ నిర్ణయించారు. మంచి సంశ్లేషిత మూల చమురుకు ఈ సూచిక 120 దాటి ఉంటుంది. దాని మొదటి గొప్పతనం ఇదే. ఇది నిజమైన గొప్పతనమే.

ఇక సంశ్లేషితం అంటే ఏమిటి? మామూలు మూల చమురు ముడిచమురు బరువు భాగం నుండి వస్తుంది. దానిని శూన్యంలో స్వేదనం చేసి, అక్కరలేని వాటిని ద్రావణితో తొలగించి, మైనాన్ని తీసివేస్తారు. అందులోని అణువులు ప్రకృతి ఇచ్చినవే. మనిషి చేసినది ఏరుకోవడం మాత్రమే. సంశ్లేషణలో అణువును కట్టడమే జరుగుతుంది. ఎథిలీను వాయువు అణువులను కూర్చి డెసీను వంటి ద్రవాన్ని, డెసీను అణువులను మూడేసి నాలుగేసి చొప్పున జతచేసి 'పాలీఆల్ఫా ఓలిఫిన్' అనే నూనెను తయారుచేస్తారు. దాని అణువులన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. కనుక తేలికగా ఆవిరయ్యే చిన్న అణువులు గాని, చలికి గడ్డకట్టే మైనం గాని అందులో ఉండవు. అంతమాత్రాన అది పెట్రోలియంతో సంబంధం లేనిదని భావించరాదు. ఎథిలీను కూడా సాధారణంగా నాఫ్తా నుండో సహజవాయువు నుండో వచ్చేదే.

విశాఖపట్నం విద్యార్థికి ఇక్కడ ఒక సంగతి ఆశ్చర్యం కలిగించవచ్చును. 1957లో కాల్టెక్స్ సంస్థ నెలకొల్పగా తరువాత ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియంలో కలసిన చమురుశుద్ధి కర్మాగారం అతని ఊరిలోనే ఉన్నది. అయితే ఆ సంస్థ కందెన మూల చమురు తయారుచేసేది అక్కడ కాదు, ముంబయి కర్మాగారంలో. ఓడరేవూ శుద్ధి కర్మాగారమూ ఇంటి ముంగిట ఉన్నా, ఆ సంస్థ మూల చమురు తయారయ్యేది పడమటి తీరానే.

సంశ్లేషిత చమురుల చరిత్ర కొత్తది కాదు. జర్మనీలో 1930 దశకంలోనే ఈ పరిశోధన సాగి, రెండవ ప్రపంచ యుద్ధంలో అక్కరకు వచ్చింది. యుద్ధానంతరం జెట్ ఇంజన్లకు ఎస్టర్ అనే రకం తప్పనిసరి అయింది. 1970 దశకంలో ఇవి కార్ల ఇంజన్లకు దిగివచ్చినవి. అంతవరకు మాటకు, వస్తువుకు పొత్తు కుదిరే ఉన్నది.

పేచీ 1990 దశకం చివరలో వచ్చింది. అప్పటికి శుద్ధి కర్మాగారాలలో మరొక పద్ధతి పెరిగింది. ముడిచమురు బరువు భాగాన్ని ఉత్ప్రేరకం సమక్షంలో, గొప్ప పీడనం కింద హైడ్రోజనుతో చర్య జరిపితే, అణువులు విరిగి, మరల అమరి, ఇంచుమించు సంశ్లేషిత చమురుకు సాటివచ్చే మూల చమురు తక్కువ ఖర్చుతో లభిస్తుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు పట్టికలో ఇది మూడవ తరగతి. పాలీఆల్ఫా ఓలిఫిన్ నాలుగవ తరగతి. కాస్ట్రాల్ సంస్థ తన 'సంశ్లేషిత' డబ్బాలో నాలుగవ తరగతికి మారుగా మూడవ తరగతిని నింపి, పేరును అట్లే ఉంచింది. అది తప్పుదారి పట్టించే ప్రకటన అని మోబిల్ సంస్థ ఫిర్యాదు చేసింది. 1999లో ప్రకటనల మంచిచెడ్డలు విచారించే అమెరికా సంస్థ కాస్ట్రాల్ పక్షాన తీర్పు చెప్పింది. రసాయనిక చర్య చేత అణువుల రూపు మారినది గనుక సంశ్లేషితం అనడానికి తగిన ఆధారం ఉన్నదని ఆ తీర్పు సారాంశం. అది న్యాయస్థానపు తీర్పు కాదు. అయినా వ్యాపారలోకం దానినే ప్రమాణంగా తీసుకొన్నది. జర్మనీలో మాత్రం మూడవ తరగతి చమురును 'పూర్ణ సంశ్లేషితం' అనడానికి వీలులేదు. అక్కడ దానికి హైడ్రోజను పద్ధతిని సూచించే వేరే పేరు వ్రాస్తారు.

తీర్పులోని తర్కాన్ని కొట్టివేయడానికి లేదు. మూడవ తరగతి చమురు నాసిరకం కాదు, చాలా గుణాలలో నాలుగవదానికి దగ్గరగా వస్తుంది. కాని దానివల్ల మాట అర్థం మారిపోయింది. మునుపు 'సంశ్లేషితం' అనేది తయారీ విధానాన్ని తెలిపే రసాయనశాస్త్ర పదం. నేడు అది నాణ్యతను గురించిన ప్రశంసాపదం. 'అర్ధ సంశ్లేషితం' అన్న డబ్బా మరీ విచిత్రం. సగమో, పదోవంతో, ఎంత కలిపారో సాధారణంగా దానిపై ఉండదు. పాలలో నీళ్లు ఎన్ని అని అడిగే గృహిణి ఈ డబ్బాను మారుమాట లేకుండా కొనుక్కొనిపోతుంది! పైగా ఏ డబ్బాలోనైనా మూల చమురుతోపాటు, పదో ఇరవయ్యో శాతం మేరకు ఇతర రసాయనాలు కలసి ఉంటాయి. ఇంజను కదిలీ కదలని క్షణాన, టవర్ చూపిన పొర ఇంకా ఏర్పడక ముందు, లోహాన్ని కాపాడేవి వీటిలోని జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనాలే. మసిని పట్టి ఉంచేవి, ఆమ్లాలను చంపేవి కూడా ఈ కలుపులే. మూల చమురు పేరు ఎంత పెద్ద అక్షరాలలో వ్రాసినా ఈ పని దానిది కాదు.

ఇక ఇసుకలోని బండి దగ్గరకు రావచ్చును. సంశ్లేషిత చమురుకు అనుకూలంగా అందరూ మొదట చెప్పే వాదం చలిలో త్వరగా పారుతుందని. 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అనే గుర్తులలో 'డబ్ల్యూ' అక్షరం శీతకాలానికి గుర్తు. 5డబ్ల్యూ చమురును మైనస్ 30 డిగ్రీల వద్ద, 20డబ్ల్యూ చమురును మైనస్ 15 డిగ్రీల వద్ద ఇంజను తిప్పడానికి వీలుగా ఉన్నదా అని పరీక్షిస్తారు. విశాఖపట్నంలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. కొండలెక్కి చింతపల్లి దాపున ఉన్న లంబసింగికి పోతే, అక్కడ కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దరిదాపులకు చలి వస్తుంది. దానికైనా 20డబ్ల్యూ చమురు చాలును, ఇంకా 15 డిగ్రీలు మిగులు ఉంటుంది. కనుక చలి పేరు చెప్పి విశాఖవాసికి ఖరీదైన చమురు అమ్మడం గొడుగు లేనివాడికి కంబళి అమ్మడమే. ఇదే బండి లడఖ్‌లో, గడ్డకట్టే చలిలో నడిచినట్లయితే మాట తిరగబడుతుంది. అక్కడ ఖనిజ చమురుతో 20డబ్ల్యూ వాడితే తెల్లవారి ఇంజను తిరగనే తిరగదు.

రెండవ వాదం వేడిని గురించినది. దీనికి బలం ఉన్నది. బాహా బండిలోని ఇంజనుకు నీటి చల్లదనం లేదు. రెక్కల మీదుగా వీచే గాలే దానికి ఆధారం. ఇసుకలో చక్రాలు కూరుకొనిపోతూ బండి మెల్లగా కదులుతుంటే ఇంజను పూర్తి బలంతో పనిచేస్తూ ఉంటుంది గాని, వేగం వల్ల వచ్చే గాలి సాయం ఉండదు. చమురు ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు అది ఆక్సిజనుతో కలసి చెడే వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క కలదు. 30 డిగ్రీలు పెరిగితే ఎనిమిది రెట్లు. చమురు ఆవిరై తరిగిపోవడం కూడా వేడితో పెరుగుతుంది. దీనిని 250 డిగ్రీల వద్ద ఒక గంటసేపు ఉంచి, ఎంత శాతం తరిగిందో తూచి తెలుసుకొంటారు. ఒకే అచ్చు అణువులుగల సంశ్లేషిత చమురు ఈ రెండు పరీక్షలలోను ఖనిజ చమురును మించుతుంది. ఈ తరహా చిన్న ఇంజన్లకు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి సూచనలు కూడా దీనికి అనుగుణంగానే ఉన్నవి. 27 డిగ్రీలకు పైబడిన వాతావరణంలో మామూలు 10డబ్ల్యూ-30 వాడితే చమురు ఖర్చు పెరగవచ్చునని హెచ్చరించి, వేడి ప్రదేశాలకు ఎస్‌ఏఈ 30ను గాని, సంశ్లేషిత చమురును గాని వారు సూచించారు. విశాఖలో సంవత్సరం పొడుగునా పగటి ఎండ చాలా దినాలు ఆ 27 దాటే ఉంటుంది. అంటే పాతకాలపుదని చాలామంది తీసిపారవేసే ఒంటి తరగతి ఎస్‌ఏఈ 30 ఖనిజ చమురు ఇక్కడ ఇంకా అర్హమైనదే! నాలుగు గంటల ఓర్పు పరుగుకు సంశ్లేషితం పోస్తే ఆ ఖర్చు సమర్థనీయం. వారానికి ఒకసారి కళాశాల ఆవరణలో అరగంట నడిపే బండికి అది దండుగ.

మూడవ వాదం సంశ్లేషిత చమురు ఎక్కువకాలం మన్నుతుంది గనుక తరచుగా మార్చనక్కరలేదని. జాతీయ రహదారిపై పోయే కారుకు ఈ మాట వర్తించవచ్చును. ఇసుకలో నడిచే బండికి ఇది ప్రమాదకరమైన సలహా. ఇసుకలోని స్ఫటికరేణువుల కాఠిన్యం మోస్ మానంలో 7. భీమునిపట్నం వైపు ఇసుకలో గార్నెట్ అనే గోమేదిక జాతి ఖనిజం, ఇల్మనైటు కూడా ఉన్నవి. ఓడరేవు చుట్టుపట్ల గాలిలో బొగ్గుపొడి, ఇనుప ఖనిజపు పొడి తేలుతుంటాయి. కంటికి కనిపించే ఇసుకరేణువు కంటె కనిపించని ధూళి ఎక్కువ హానికరం. చమురు పొర మందం కొద్ది మైక్రానులని ముందు చెప్పుకొన్నాం. ఐదు నుండి ఇరవై మైక్రానుల రేణువు సరిగా ఆ పొరలో ఇరుక్కొని, రెండు లోహాలను ఒకేసారి గీకుతుంది. పాలీఆల్ఫా ఓలిఫిన్ అణువు ఎంత అందంగా కట్టినదైనా ఈ రేణువును మెత్తబరచలేదు. పైగా ఇటువంటి చిన్న ఇంజన్లలో చమురును పంపు తోడి పంపదు. తిరిగే కడ్డీకి ఉన్న చిన్న గరిటె చమురులో మునిగి లేస్తూ చిమ్ముతుంది. సాధారణంగా చమురు వడపోత కూడా ఉండదు. లోపలికి చేరిన మురికి చమురు మార్చేవరకు అక్కడే తిరుగుతుంది. సముద్రపు జల్లు లోపలికి పోతే చమురు తెల్లని నురుగు మజ్జిగలా మారుతుంది. అప్పుడు అది ఏ జాతి చమురైనా పారబోయవలసినదే.

లెక్క కట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. సంశ్లేషిత చమురు ధర ఖనిజ చమురుకు మూడు రెట్లనుకొందాం. ఒక జట్టు దగ్గర ఒక్కసారి సంశ్లేషితానికి సరిపడే డబ్బు మాత్రమే ఉన్నది. అదే డబ్బుతో ఖనిజ చమురును మూడుసార్లు మార్చవచ్చును. మూడుసార్లు మార్చిన ఇంజనులోనుండి మూడుసార్లు ధూళి బయటికి పోతుంది. గాలి వడపోతను కూడా కొత్తది వేస్తే, ధూళి లోపలికి పోవడమే తగ్గుతుంది. డబ్బు కొదవ లేనివారు సంశ్లేషితం పోసి, దానినీ ఖనిజ చమురు మార్చినంత తరచుగానే మార్చవచ్చును. అంతకు మించిన రక్షణ లేదు. ప్రకటనలు చెప్పే పొదుపు మాత్రం అందులో లేదు. ఇక చిమ్ముడు ఇంజనులో చమురు మట్టం తగ్గినా, కొండవాలున బండి బాగా ఒరిగినా గరిటెకు చమురు అందదు. అప్పుడు అత్యుత్తమమైన చమురు కూడా ఒక మూలన ఊరక నిలిచి ఉంటుంది.

కొనుగోలు చేసిన ఏటీవీల సంగతిలో మరొక చిక్కు ఉన్నది. వీటిలో కొన్నింటిలో క్లచ్చి ఇంజను చమురులోనే మునిగి ఉంటుంది, మోటారు సైకిళ్లలో వలె. కారు కోసం చేసిన చమురులో ఇంధనం ఆదా చేయడానికి ఘర్షణను బాగా తగ్గించే కలుపులు ఉండవచ్చును. అది క్లచ్చిలోకి పోతే, పట్టవలసిన బిళ్లలు జారిపోతాయి. ఘర్షణ తగ్గించడమే చమురు ధర్మమని ఒక్క వాక్యంతో నేర్చుకొన్నవాడు పొరపడే చోటు ఇదే. ఇటువంటి బండికి జపాను ప్రమాణమైన 'జాసో ఎమ్‌ఏ' గుర్తు ఉన్న చమురు కావలెను. ఆ గుర్తు ఖనిజ చమురుకూ ఉండవచ్చును, సంశ్లేషితానికీ ఉండవచ్చును. బెల్టుతో నడిచే బండ్లలో చాలావాటికి ఈ బాధ లేదు.

సంశ్లేషిత ద్రవాన్ని సకారణంగా ఎన్నుకొనడం ఎట్లుంటుందో తెలియడానికి ఉక్కు పరిశ్రమను చూడవచ్చును. కరిగిన లోహం దగ్గర పనిచేసే జలపీడన యంత్రాల గొట్టం ఒకటి పగిలితే, అందులోనుండి చిమ్మిన ఖనిజ చమురు భగ్గుమని అంటుకొంటుంది. అందువల్ల ఉక్కు కర్మాగారాలలో అటువంటి తావుల నీరు, గ్లైకాలు కలిపిన ద్రవాన్నో, ఫాస్ఫేట్ ఎస్టరునో వాడుతారు. విశాఖకు వచ్చిపోయే జెట్ విమానాల ఇంజన్లలో ఎస్టర్ చమురు పోసేదీ ఇటువంటి కారణంతోనే. ఆ తాపానికి ఖనిజ చమురు మాడి మసి అవుతుంది. ఈ రెండు చోట్లా ఇంజనీరు ముందుగా కావలసిన గుణాన్ని పేర్కొని, ఆ తరువాత ద్రవాన్ని వెదికాడు. ఏటీవీ విషయంలో బజారు మొదట ద్రవాన్ని చూపి, తరువాత గుణాలను వెదకుతున్నది.

ఉన్నత పాఠశాలలో దీనిని పరీక్షించి చూడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. రెండు పొడుగాటి గాజు గొట్టాలలో ఎస్‌ఏఈ 30 ఖనిజ చమురును, 5డబ్ల్యూ-30 సంశ్లేషిత చమురును సమానంగా పోసి, సైకిలు బేరింగు గుండును ఒకదానిలో ఒకసారి జారవిడిచి, అడుగు చేరడానికి పట్టే కాలాన్ని గడియారంతో కొలవవలెను. తరువాత గొట్టాలను వేడినీటిలో నిలిపి మరల కొలవవలెను. గది ఉష్ణోగ్రతలో సంశ్లేషితంలో గుండు త్వరగా దిగుతుంది. వేడిచేసిన కొద్దీ రెండింటి కాలాలు దగ్గరవుతాయి. రెండింటి పేరులోనూ ఉన్న '30' అనే అంకె 100 డిగ్రీల వద్ద కొలిచినది కావడమే దీనికి కారణం. ఆ పిమ్మట వాడిన చమురు చుక్కను ఒకటి వడపోత కాగితంపై ఉంచి ఒక పూట ఆగవలెను. నూనె వలయంగా పాకుతుంది. మసి నడుమ నిలుస్తుంది. నీరు ఉంటే అంచు చెదరినట్లు కనిపిస్తుంది. అదే చమురును కొద్దిగా కిరసనాయిలులో కలిపి, వేరొక కాగితంపై వడకట్టి ఆరబెడితే, మిగిలిన రేణువులను భూతద్దంతో చూడవచ్చును. ఋషికొండ ఇసుకలో నడచిన బండి చమురుకూ, కళాశాల ఆవరణలో నడచిన బండి చమురుకూ ఈ కాగితాలను విడివిడిగా తయారుచేసి, పక్కపక్కన గోడకు తగిలించి చూడవలెను.